పరీక్షలకే పరీక్ష

వైద్య ప్రయోగశాలలో కొత్త పరీక్ష పాతదానికంటే మేలైనదని చెప్పాలంటే, పాతదానికి దొరకని వైరస్‌ను అది పట్టుకోగలదని చూపితే చాలదు. అలా పట్టుకున్నది రోగి ఆరోగ్యానికి ఏ మేరకు సంబంధించినదో కూడా నిరూపించాలి. గర్భాశయ ముఖద్వారం నుంచి తీసిన నమూనాల్లో హ్యూమన్ పాపిలోమా వైరస్‌ను, అంటే హెచ్‌పీవీని, వెదికే పరీక్షలను పోల్చేటప్పుడు ఈ తేడా ఎంతో స్పష్టంగా కనిపిస్తుంది. ముదిగుబ్బ వంటి కరువు మండలంలో ఒక కూలి మహిళకు ఏ పరీక్ష అందాలో, దానికోసం ఆమె ఎన్ని రోజుల కూలి వదులుకోవాలో చివరికి తేల్చేది ఈ పోలికే.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ దాదాపు అన్ని సందర్భాల్లోనూ హెచ్‌పీవీ వల్లనే వస్తుంది. జర్మన్ శాస్త్రవేత్త హెరాల్డ్ త్సూర్ హౌసెన్ బృందం 1983లో ఈ వైరస్ 16వ రకాన్ని, మరుసటి ఏడాది 18వ రకాన్ని క్యాన్సర్ కణజాలంలో గుర్తించగా, ఆ కృషికి ఆయన 2008లో నోబెల్ బహుమతి పొందారు. 2022లో భారతదేశంలో ఈ క్యాన్సర్ కొత్తగా 1,27,000 మందికి పైగా వచ్చిందని, దాదాపు 80,000 మంది దీనివల్ల మరణించారని అంతర్జాతీయ అంచనా. అయితే వైరస్ సోకిన స్త్రీలలో అత్యధికుల శరీరం ఒకటి రెండేళ్లలో దానిని తనంతట తానే అణచివేస్తుంది. కొద్దిమందిలో మాత్రమే అది ఏళ్ల తరబడి నిలిచి, క్యాన్సర్‌కు ముందు దశ అయిన కణ మార్పులకు దారితీస్తుంది. కాబట్టి కనిపించిన ప్రతి వైరస్‌నూ ప్రమాదంగా చూపే పరీక్ష ఆరోగ్యవంతులను కూడా భయపెట్టి, కాల్పోస్కోపీకి, అంటే భూతద్దం వంటి పరికరంతో ముఖద్వారాన్ని పరిశీలించే తదుపరి పరీక్షకు, అనవసరంగా పంపుతుంది.

ఈ పరీక్షలు పనిచేసే తీరు ఒక్కటి కాదు. చాలాకాలం కొలబద్దగా నిలిచిన హైబ్రిడ్ క్యాప్చర్ 2 పద్ధతిలో వైరస్ డీఎన్‌ఏ జంట పోగులను విడదీసి, ఒక్కో పోగుకు సరిపోయే ఆర్‌ఎన్‌ఏ తునకను జతచేసి, ఆ జంటను యాంటీబాడీలతో పట్టి, వెలువడే కాంతిని కొలుస్తారు. 13 ప్రమాదకర రకాల్లో ఏదో ఒకటి ఉందని అది చెబుతుంది గానీ ఏ రకమో చెప్పదు. పీసీఆర్ పద్ధతిలో డీఎన్‌ఏ తునకనే కోట్ల ప్రతులుగా పెంచుతారు; ఈ పద్ధతిని వాడే కోబాస్ పరీక్ష 14 రకాలను వెదుకుతూ, అత్యంత ప్రమాదకరమైన 16, 18 రకాలను విడిగా చూపుతుంది. అంతేగాక నమూనాలో మానవ కణాలు ఉన్నాయో లేవో బీటా గ్లోబిన్ అనే జన్యువు ద్వారా సరిచూసుకుంటుంది. హైబ్రిడ్ క్యాప్చర్‌లో ఆ ఏర్పాటు లేనందున, కణాలే రాని నమూనా కూడా ‘వైరస్ లేదు’ అనే ఫలితమే ఇస్తుంది. ఆప్టిమా అనే మరో పరీక్ష, వైరస్‌లో క్యాన్సర్‌కు కారణమయ్యే ఇ6, ఇ7 జన్యువులు చురుకుగా పనిచేస్తున్నాయా అని ఎంఆర్‌ఎన్‌ఏ ద్వారా గమనిస్తుంది.

ఇంత భిన్నమైన పద్ధతులను ఒకే త్రాసులో తూచేందుకు 2009లో అంతర్జాతీయ నిపుణుల బృందమొకటి నియమాలు ప్రకటించింది. ముందు దశ వ్యాధి ఉన్నవారిని గుర్తించే శక్తిని సున్నితత్వమని, వ్యాధి లేనివారికి లేదని చెప్పగలిగే శక్తిని నిర్దిష్టత అని అంటారు. 30 ఏళ్లు దాటిన స్త్రీలలో కొత్త పరీక్ష సున్నితత్వం హైబ్రిడ్ క్యాప్చర్ 2 సున్నితత్వంలో 90 శాతానికి, నిర్దిష్టత దాని నిర్దిష్టతలో 98 శాతానికి తగ్గకూడదన్నది ఆ నియమాల సారాంశం. నిర్దిష్టతకు గీత అంత బిగించడానికి కారణం ఉంది. స్క్రీనింగ్‌కు వచ్చేవారిలో అత్యధికులు ఆరోగ్యవంతులే కాబట్టి, నిర్దిష్టత కాస్త తగ్గినా వందల మంది వృథాగా ఆసుపత్రుల చుట్టూ తిరగవలసి వస్తుంది.

రెండు పరీక్షలు ఎంత శాతం ఏకీభవించాయన్న లెక్కను కూడా యథాతథంగా నమ్మరాదు. ఉదాహరణకు 1,000 మంది నమూనాలపై రెండు పరీక్షలు చేయగా, ఒక్కోదానిలో 70 మందికి వైరస్ కనిపించి, వారిలో 45 మంది రెండింటిలోనూ ఉన్నారనుకుందాం. 905 మందికి రెండూ ‘లేదు’ అన్నాయి కాబట్టి మొత్తం ఏకీభావం 95 శాతం, వినడానికి ఘనంగానే ఉంటుంది. కానీ ఏదో ఒక పరీక్షలో వైరస్ కనిపించిన 95 మందిలో రెండూ ఒకే మాట చెప్పింది 45 మంది విషయంలోనే. యాదృచ్ఛికంగా కలిసే వాటాను తీసివేసి చెప్పే కప్పా అనే సూచిక ఇక్కడ సుమారు 0.62 మాత్రమే. విభేదించిన ఆ 50 మందిలో ఎవరికి నిజంగా వ్యాధి ఉందో కణజాల పరీక్షతో తేల్చినప్పుడే పోలిక పూర్తవుతుంది.

తెలుగు నేలపై ఈ పని నిబద్ధతతో జరిగిన చోటు హైదరాబాద్ సమీపంలోని మేడ్చల్. అక్కడి మెడిసిటీ వైద్య విజ్ఞాన సంస్థ, షేర్ ఇండియా సంస్థలు, జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో హెచ్‌పీవీ పరిశోధనకు పేరొందిన కీర్తి షా వంటివారి సహకారంతో, గ్రామీణ మహిళల్లో, కణాలను సూక్ష్మదర్శినితో చూసే పాప్ స్మియర్‌ను, ఎసిటిక్ యాసిడ్ పూసి కంటితో చూసే వీఐఏను, హెచ్‌పీవీ డీఎన్‌ఏ పరీక్షను పక్కపక్కన పోల్చాయి. 2010లో వెలువడిన ఫలితాల ప్రకారం హెచ్‌పీవీ పరీక్షే అధిక సున్నితత్వం చూపగా, వీఐఏ వెనుకబడింది. స్త్రీలు స్వయంగా తీసుకున్న నమూనాలు స్క్రీనింగ్‌కు ఎంతవరకు పనికివస్తాయో కూడా అదే ప్రాంతంలో పరిశీలించి 2009లో ప్రచురించారు. పొరుగున మహారాష్ట్రలోని అప్పటి ఉస్మానాబాద్ జిల్లాలో 1,31,746 మంది మహిళలపై జరిగిన అధ్యయనం ఇంకొక అడుగు వేసి, ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేసి తగిన చికిత్స ఇచ్చినా మరణాలు దాదాపు సగానికి తగ్గుతాయని 2009లో నిరూపించింది. పాప్ స్మియర్, వీఐఏ బృందాల్లో అంతటి తగ్గుదల కనిపించలేదు.

ఇక ముదిగుబ్బకు వస్తే, వేరుశనగనూ వాననూ నమ్ముకున్న ఈ ప్రాంతంలో, పంట పోయిన ఏడాది కుటుంబాలు బెంగళూరుకు వలస వెళ్తాయి. సుమారు 90 నమూనాలు పోగయ్యాక ఒకేసారి నడిపే పరీక్ష ఎంత కచ్చితమైనదైనా, ఫలితం వచ్చేసరికి ఆ మహిళ ఊళ్లో లేకపోతే దాని సున్నితత్వం కాగితానికే పరిమితం. టీబీ నిర్ధారణకు ఇప్పటికే వాడుకలో ఉన్న, బ్యాటరీతో నడిచే ట్రూనాట్ యంత్రంపై హెచ్‌పీవీని ఒక్కొక్క నమూనాగా పరీక్షించే చిప్‌ను గోవాకు చెందిన మోల్‌బయో తయారుచేసింది. ఎనిమిది రకాలను వెదికే ఆ పరీక్షను దేశంలోని ప్రముఖ ప్రయోగశాలలు సరిచూసిన ఫలితాలు 2025లో వెల్లడయ్యాయి. 14కు బదులు ఎనిమిదే చూడటం మొదట లోపంగా తోచవచ్చు. కానీ క్యాన్సర్లలో అత్యధిక భాగానికి ఆ ఎనిమిదే కారణం కాబట్టి, అనవసరపు పాజిటివ్‌లు తగ్గడం మారుమూల మండలానికి మేలే. స్వయంగా తీసుకున్న నమూనాలపై కూడా పీసీఆర్ తరహా పరీక్షలే హైబ్రిడ్ క్యాప్చర్ తరహా పరీక్షల కంటే నమ్మదగినవని తేలింది. పొరుగునే ఉన్న బత్తలపల్లిలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు ఆసుపత్రి హెచ్‌ఐవీతో జీవించేవారికి ఏళ్లుగా చికిత్స అందిస్తోంది. అటువంటి మహిళలకు ఈ క్యాన్సర్ ముప్పు ఆరు రెట్లు ఎక్కువ గనుక, వారికి 25వ ఏటి నుంచే, ఇతరులకు 30వ ఏటి నుంచి హెచ్‌పీవీ పరీక్ష చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది.

కాబట్టి ముదిగుబ్బకు పరీక్షను ఎంచుకునేవారు పోలిక పట్టికలో సున్నితత్వం, నిర్దిష్టతల పక్కన మరికొన్ని గడులు చేర్చాలి: మే నెల ఎండలో ఆశా కార్యకర్త సంచిలో గంటల తరబడి ఉన్న నమూనా చెడకుండా నిలుస్తుందా, ఫలితం అదే రోజు వస్తుందా, పాజిటివ్ వచ్చిన మహిళకు అక్కడికక్కడే చికిత్స దొరుకుతుందా అన్నవి ఆ గడులు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 30 నుంచి 49 ఏళ్ల మహిళల్లో ఈ క్యాన్సర్ స్క్రీనింగ్ ఎన్నడైనా చేయించుకున్నవారు నూటికి ఇద్దరు కూడా లేరు. ప్రభుత్వం ఈ గడులన్నీ నింపి, తగిన పరీక్షను ప్రాథమిక ఆరోగ్య కేంద్రం దాకా చేర్చాలి. 30 ఏళ్లు దాటిన ప్రతి మహిళా, ఏ బాధా లేకపోయినా, ఆ పరీక్షను అడిగి చేయించుకోవాలి.