డబ్బు చేతులు మారే చోట

న్యూయార్క్ నగరపు లోకల్ లా 18 గురించి మాట్లాడేవాళ్లు ఎక్కువగా దాని ఫలితాల దగ్గరే ఆగిపోతారు: ఎయిర్‌బీఎన్‌బీలో గదులు దొరకడం లేదని కొందరు, హోటళ్లవాళ్ల పంట పండిందని ఇంకొందరు. నా కన్ను మాత్రం దాన్ని రాసిన తీరు మీదే. 2021 డిసెంబరులో సిటీ కౌన్సిల్ ఆమోదించిన ఈ బిల్లు 2022 జనవరిలో చట్టమైంది. అవతలి పక్షం వకీళ్లు ఎక్కడ వేలు పెడతారో ముందే చూసుకుని రాసిన ముసాయిదాలు నగర కౌన్సిళ్లలో అరుదుగా కనిపిస్తాయి. ఇది వాటిలో ఒకటి.

అసలు విషయం రెండు ముక్కల్లో చెప్పొచ్చు. 30 రోజులకన్నా తక్కువకు ఇంట్లో చోటు అద్దెకిచ్చేవాళ్లు మేయర్ కార్యాలయం కిందున్న ప్రత్యేక విభాగంలో నమోదు చేసుకుని ఒక నంబరు తెచ్చుకోవాలి. ఆ నంబరు సరైనదేనని నగరపు ఎలక్ట్రానిక్ వ్యవస్థలో సరిచూసుకోకుండా బుకింగ్ సంస్థ ఆ బసకు రుసుము తీసుకోకూడదు.

ఈ రెండో వాక్యం వెనక ఏళ్ల తరబడి కోర్టు దెబ్బలు ఉన్నాయి.

అమెరికాలో 1996 నాటి ఒక కేంద్ర చట్టం, అందులోని 230వ సెక్షను, ఇతరులు పెట్టిన రాతలకు వెబ్‌సైటు మీద బాధ్యత పడకుండా కాపాడుతుంది. నమోదు కాని ఇంటి ప్రకటనను సైటులో ఉంచితే జరిమానా అని ఏ నగరం రాసినా, సంస్థ ఈ సెక్షను పట్టుకుని కోర్టుకు వెళ్తుంది. 2016లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగింది అదే. అయితే ఆ నగరం మొండికెయ్యలేదు. కేసు నడుస్తుండగానే చట్టాన్ని తిరగరాసింది. ప్రకటన మాట తీసేసి బుకింగ్ మాట పెట్టింది: ఏ ప్రకటనైనా వేసుకోండి, నమోదు కాని ఇంటికి బుకింగ్ చేసి డబ్బు మాత్రం తీసుకోవద్దు. ఆ నవంబరులో చట్టం అమలును ఆపడానికి ఫెడరల్ జడ్జి నిరాకరించారు. ఆ తర్వాత లాస్ ఏంజెలెస్ పక్కనున్న సాంటా మోనికా అదే దారి పట్టింది. 2019 మార్చిలో తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు ఆ నగరం పక్షాన తీర్పిచ్చింది. బుకింగ్ పూర్తి చేయడం వ్యాపార లావాదేవీ, ప్రచురణ కాదు, దానికి 230 గొడుగు పట్టదు అన్నది ఆ తీర్పు సారం.

చెరువు నీళ్లను గట్టు పొడవునా కాపలా కాయలేం, తూము దగ్గర కాయగలం. వేల ప్రకటనల వెంట పరుగెత్తకుండా డబ్బు చేతులు మారే ఒక్క క్షణాన్ని పట్టుకోవడమే ఇక్కడి కిటుకు.

న్యూయార్క్ కూడా ముందు తప్పటడుగులే వేసింది. అక్రమ బసల ప్రకటనలపై 2016లో రాష్ట్రం జరిమానాలు పెట్టింది. ఎయిర్‌బీఎన్‌బీ దావా వేయడంతో, సంస్థ జోలికి పోకుండా ఇళ్లిచ్చేవాళ్ల మీదే దాన్ని అమలు చేస్తామని నగరం రాజీపడింది. ఇళ్లిచ్చేవాళ్ల వివరాలన్నీ బుకింగ్ సంస్థలు నెలనెలా ఇవ్వాలని 2018లో నగరం ఇంకో చట్టం చేస్తే, అది అకారణ సోదాల నుంచి కాపాడే రాజ్యాంగపు నాలుగో సవరణకు విరుద్ధం కావచ్చంటూ 2019 జనవరిలో ఫెడరల్ జడ్జి నిలిపేశారు. లోకల్ లా 18 సమాచారం గుంజుకునే పని వదిలేసి, ఇంటివాళ్లే తమంతట తాము వచ్చి నమోదయ్యేలా దారి మార్చింది. ఓడిన కేసుల నుంచి ఇంత చక్కగా పాఠం నేర్చుకున్న కౌన్సిల్‌ను చూస్తే ముచ్చటేస్తుంది.

చట్టం వెనకే వచ్చిన నిబంధనల్లో అందరూ నవ్వుకున్నది తలుపు తాళం సంగతి. అతిథి ఉన్నన్నాళ్లూ ఇంటివాళ్లు అదే ఇంట్లో ఉండాలి. డబ్బిచ్చే అతిథులు ఇద్దరికి మించకూడదు. లోపలి గదులకు తాళాలు వేసుకోకూడదు, ఇల్లంతా తిరగడానికి అతిథికి అడ్డుండకూడదు. ఇద్దరు పిల్లలతో టైమ్స్ స్క్వేర్ చూద్దామని వచ్చిన తెలుగు కుటుంబానికి ఇది చాదస్తంగానే తోస్తుంది. కానీ దీని వేరు అగ్నిప్రమాదాల భయంలో ఉంది. బహుళ కుటుంబాల భవనాలపై రాష్ట్ర చట్టం హోటలుకు ఒక భద్రత, కాపురాల ఇంటికి ఇంకో భద్రత నిర్ణయించింది. పొగ కమ్ముకున్న రాత్రి కొత్త మనిషికి దారి తెలియాలంటే తెలిసిన మనిషి పక్కన ఉండాలి, మధ్యలో మూసిన తలుపు ఉండకూడదు. అందుకే బయటికి వెళ్లే దారుల పటాన్ని గోడకు అతికించమని కూడా నిబంధనల్లో రాశారు. ఇంత చిన్న వివరాన్ని మరవనివాళ్ల పని మీద నాకు గౌరవం. అన్నట్టు ఇండియా నుంచి అత్తమామలు వచ్చి మూడు వారాలుంటే ఈ చట్టానికి పట్టదు. అద్దె పుచ్చుకుంటేనే పేచీ.

నమోదు రుసుము 145 డాలర్లు. కంపెనీ పేరుతో నమోదు కుదరదు, మనిషే కావాలి. అద్దె నియంత్రణ ఉన్న ఇళ్లకు అసలు నంబరే ఇవ్వరు. తమ భవనంలో ఇలాంటి బసలు వద్దని యజమానులు చెబితే ఆ చిరునామా నిషిద్ధ భవనాల జాబితాలోకి వెళ్తుంది. తప్పు చేసిన బుకింగ్ సంస్థకు ఒక్కో లావాదేవీకి 1,500 డాలర్లు, లేదా తీసుకున్న రుసుముకు మూడింతల దాకా జరిమానా. కోట్ల వ్యాపారానికి 1,500 చిల్లరే, కానీ లావాదేవీకొకటి చొప్పున లెక్క కట్టడంలోనే ఉంది కాటు.

2023 జూన్‌లో ఎయిర్‌బీఎన్‌బీ కోర్టుకెక్కింది, ఇది ఆచరణలో నిషేధమేనంది. ఆగస్టులో జడ్జి ఆ వ్యాజ్యాన్ని కొట్టేశారు. సెప్టెంబరు 5న అమలు మొదలైంది.

లోపాలు లేకపోలేదు. క్వీన్స్‌లో రెండు కుటుంబాల ఇల్లు కొనుక్కుని కింది వాటా అప్పుడప్పుడూ అద్దెకిస్తూ బ్యాంకు వాయిదా కట్టుకునే యజమానిని, పది అపార్టుమెంట్లు పట్టుకున్న వ్యాపారిని ఇది ఒకే కాటాలో తూస్తుంది. పైవాటాలో ఉండడం సరిపోదు, అతిథితో ఒకే వాటాలో ఉండాలి. ఆ పట్టు సడలించాలని 2024లో కౌన్సిల్ ముందు బిల్లు పెట్టారు. ఆ కోరిక న్యాయమైనదే అనిపిస్తుంది. ఇక అద్దెలు దిగుతాయని ఈ చట్టాన్ని చూసి ఆశపడడం మరీ ఎక్కువ. 2023 సర్వేలో అద్దె ఇళ్లలో 1.4 శాతమే ఖాళీగా తేలిన నగరం అది, అక్కడి కొరత దీనొక్కదానితో తీరేది కాదు.

ఇంకో సందు 30వ రాత్రి దగ్గర ఉంది. అమలు మొదలయ్యాక చాలామంది తమ బసలను కనీసం 30 రోజులకు మార్చేసుకున్నారు. 29 రాత్రుల మనిషిని నిలేసే చట్టం 30 రాత్రుల మనిషికి దారి వదులుతుంది. దీన్ని ముసాయిదా రాసినవాళ్ల ఏమరుపాటు అనలేం. 2010లో రాష్ట్రం తన చట్టాన్ని సవరించి ఆ 30 రోజుల గీత గీసింది, నగరం తన గీతను తెలిసే దానిమీద కలిపింది.