దించడం నేర్పే పుస్తకం

ఎత్తే పనిముట్ల మీద పుస్తకం అనగానే ఎవరికైనా బలమే గుర్తుకొస్తుంది. ఒక్క మనిషి గొలుసు లాగుతుంటే టన్ను బరువు నేల విడిచి పైకి లేస్తుందంటే ఆశ్చర్యమే మరి. ఈ పుస్తకం రాసిన మా శిష్యుడు మాత్రం మొదటి అధ్యాయాన్నే దించడంతో మొదలుపెట్టాడు. రాతప్రతి నా చేతికిచ్చిన రోజున ఎందుకిలా అని అడిగాను. "ఎత్తుడు ఎవరైనా ఎత్తుతరు సార్, దించుడు కాడనే పైలం" అన్నాడు. నలభై పేజీలు చదివేసరికి అతని వరుసే సరైందని నాకు అర్థమైంది. ఐటీఐలో ఫిట్టర్ ట్రేడు పాఠాలు చెప్పినన్నాళ్లూ నేను ఎత్తడాన్ని ముందు చెప్పి, దించడాన్ని పీరియడు చివర్లో ముగించేవాణ్ణి. ఈ పుస్తకం ఆ వరుసను తిరగేసింది. అందుకు గురువుగా నాకు ఎంతో సంతోషంగా ఉంది.

నల్లగొండ, పాలమూరు మెట్టలో బతుకంతా ఎత్తడం, దించడమే. కృష్ణ మన అంచునే పారుతుంది, కానీ లోతున పారుతుంది. పొలాలన్నీ పైన. నేల తవ్వితే నాలుగు అడుగుల మట్టి, ఆ కింద మొరం, దాని కింద నల్లరాయి. ఆ రాతి పగుళ్లలో ఉన్న నీళ్లకోసమే మన పెద్దలు మోటబావులు తవ్వారు. మోట కొట్టడం చూసినవాళ్లు ఇప్పుడు తక్కువే. ఎడ్లు వాలులో ముందుకు దిగుతుంటే పెద్ద గిరక మీదుగా తాడు లాగి నిండు బొక్కెన పైకి వచ్చేది, తోలు తొండం కాలువలోకి నీళ్లు పోసేది. అప్పుడు మోట తోలే మనిషి తాడు మీద కూచుని తన బరువునూ కలిపేవాడు. ఇక్కడి వరకు అందరికీ తెలుసు. తరవాత ఎడ్లు అదే వాలులో వెనక్కి నడుస్తూ ఎక్కాలి, అప్పుడే ఖాళీ బొక్కెన మళ్లీ నీళ్లలోకి దిగుతుంది. ముందుకు లాగడం ఏ ఎద్దయినా నేర్చుకుంటుంది. వెనక్కి నడవడం నేర్పడానికే రైతుకు ఓపిక కావాలి. కోడెలను మోటకు అలవాటు చేసినవాళ్లు ఎవరైనా ఈ మాటే చెబుతారు.

చేదబావి గిరకకు గేరు లేదు. దానితో ఒక్క లాభమే: పైకి లాగాల్సిన బలాన్ని కిందికి లాగేలా మళ్లిస్తుంది. బరువు ఒక్క కిలో కూడా తగ్గించదు. చెయ్యి వదిలితే చేంతాడు జారిపోతుంది, బొక్కెన నీళ్లలో పడుతుంది. బొక్కెన పడితే పాతాళగరిగెతో తీసుకోవచ్చు. పడేది బొక్కెన కాక రాళ్ల తట్ట అయితే, కింద మనుషులుంటే? బావి తవ్వే క్రేన్ల అధ్యాయంలో మా వాడు ఈ ప్రశ్న దగ్గర చాలాసేపు ఆగాడు. ఆగాల్సిందే. పాలమూరు లేబరు దేశమంతా తిరిగి డ్యాములు కట్టారు, కాలువలు తవ్వారు. మన ఊళ్లలో ఒడ్డెర సోదరులు రాతిని పగలగొట్టి బావులు దించారు. బావి అడుగున నిలబడ్డ మనిషికి తలపైన వేలాడే తట్టే మృత్యువు. పైన డ్రమ్ము తిప్పే మనిషి చెమట తుడుచుకోవడానికి ఒక చెయ్యి తీస్తే, ఆ డ్రమ్ముకు పళ్ల చక్రమూ దాన్ని ఆపే ఇనుప నాలుకా లేకపోతే, కింద ఉన్నవాడి ప్రాణం పైవాడి మణికట్టులో ఉన్నట్టే. గేర్లున్న గిరక మనకు ఇచ్చిన అసలు వరం ఇక్కడుంది. చెయ్యి తీసినా బరువు ఉన్నచోటే ఉంటుంది.

ఈ వరం ఎలా వచ్చిందో పుస్తకంలో చక్కగా ఉంది. నేను క్లుప్తంగా చెబుతాను. 1859లో టి.ఎ. వెస్టన్ అనే ఇంజనీరు ఒకే ఇరుసు మీద కొద్దిగా తేడా ఉన్న రెండు గిరకలు బిగించి, వాటి మీదుగా అంతులేని గొలుసు నడిపే కప్పికి పేటెంటు తీసుకున్నాడు. పెద్దది పది అంగుళాలు, చిన్నది తొమ్మిది అంగుళాలు అనుకుందాం. పెద్దది చుట్టుకున్న గొలుసును చిన్నది దాదాపు అంతా వదిలేస్తుంది. తేడా మేరకే బరువు పైకి లేస్తుంది. లెక్క ప్రకారం ఇరవై రెట్ల లాభం రావాలి, కానీ సగానికి పైగా బలం రాపిడికే పోతుంది. చదువుకునే పిల్లలు దీన్ని నష్టం ఖాతాలో రాస్తారు. అయితే ఆ రాపిడి సగానికి మించి ఉన్నందుకే బరువు తనంతట తాను వెనక్కి జారదు. ఈ సంగతి పుస్తకంలో చదివి ఎంత మంది విద్యార్థులు కళ్లు పెద్దవి చేస్తారో నేను ఊహించగలను.

ఇప్పుడు మన షాపుల్లో దొరికే చైన్ పుల్లీ ఆ పాత పద్ధతి కాదు. రాపిడిని తగ్గించి, పళ్ల చక్రాలతో బలం పెంచి, ఆపే పనిని విడిగా ఒక బ్రేకుకు అప్పగించారు. ఆ బ్రేకునూ వెస్టన్ పేరుతోనే పిలుస్తారు. చేతి గొలుసు తిప్పే చక్రం ఇరుసు మీది మరకు ఎక్కి ఉంటుంది. ఎత్తే దిక్కుకు లాగితే సీసా మూత బిగిసినట్టు అది బ్రేకు బిళ్లలను ఒత్తుకుంటూ బిగుస్తుంది, అన్నీ కలిసి ఒక్కటిగా తిరుగుతాయి, నాలుక పళ్ల మీద టకటక దాటుతుంది. లాగడం ఆపగానే బరువు ఇరుసును వెనక్కి తిప్పబోతుంది. ఆ ప్రయత్నమే మరను ఇంకా బిగిస్తుంది. నాలుక పన్నులో ఇరుక్కుంటుంది, బరువు నిలిచిపోతుంది. ఎంత బరువైతే అంత బిగువు. దించేటప్పుడు రెండో వైపు గొలుసు లాగుతూ మరను కొద్దికొద్దిగా వదులు చేస్తుంటే, వదిలినంత మేరకే బరువు దిగుతుంది. మనం ఆగితే తనూ ఆగుతుంది. ఎత్తేటప్పుడు ఆ టకటక వినిపించకపోతే పని అక్కడే ఆపేయమని పుస్తకం హెచ్చరిస్తుంది. బ్రేకు బిళ్లల్లో నూనె పోయవద్దని కూడా పెద్దక్షరాల్లో రాసింది. గొలుసుకు నూనె కావాలి కదా అని పెట్టె అంతటికీ పోసేసేవాళ్లు మన దగ్గర చాలామంది.

బలం లెక్క కూడా దాచకుండా చెప్పాడు. టన్ను బరువుకు చేతి గొలుసు మీద ముప్పై కిలోల చొప్పున లాగాలనుకుంటే, బరువు ఒక్క మీటరు లేవడానికి కనీసం ముప్పై మూడు మీటర్ల గొలుసు చేతుల్లోంచి పోవాలి. రాపిడి కలిపితే ఇంకా ఎక్కువ. గేరు ఉచితంగా ఏదీ ఇవ్వదు. బలం తక్కువ తీసుకుని కాలం ఎక్కువ తీసుకుంటుంది. తొందరపడే మనిషికి చైన్ పుల్లీ ఇవ్వకూడదని నేను తరగతిలో చెప్పేవాణ్ణి.

పుస్తకానికి గుండెకాయ బోరుబావి అధ్యాయం. మన జిల్లాల్లో బోరు అంటే ఏమిటో బయటివాళ్లకు చెప్పడానికి ముషంపల్లి పేరు ఒక్కటి చాలు. సాగుభూమి 2,000 ఎకరాలుంటే బోర్లు 6,000 దాటాయని, ఊళ్లో మనుషుల కంటే బోర్లే ఎక్కువని పాత్రికేయుడు పి. సాయినాథ్ ఇరవై ఏళ్ల కిందట రాశారు. బోరు వేయడం గురించీ, ఎండిపోవడం గురించీ, అప్పుల గురించీ చాలా రాతలు వచ్చాయి. మోటరు దించే మనుషుల గురించి ఎవరూ రాయలేదు. మూడు వందల అడుగుల లోతుకు మోటరు దించాలంటే ఇరవై అడుగుల పైపులు పదిహేను కావాలి. ఒకటిన్నర అంగుళం జీఐ పైపులైతే వాటి బరువే మూడు వందల కిలోలు దాటుతుంది. మోటరు, కేబులు, పైపుల్లో నిలిచిన నీళ్లు కలిపితే అర టన్నుకు దగ్గరవుతుంది. మూడు కాళ్ల స్టాండు నిలబెట్టి, పైన చైన్ పుల్లీ తగిలించి, ఒక్కో పైపు కొద్దిగా ఎత్తి, క్లాంపు విప్పి, దించి, మళ్లీ క్లాంపు కేసింగు మీద ఆనించి, పానాతో తరవాతి పైపు మర బిగించి... ఇలా పదిహేను సార్లు. క్లాంపు విప్పిన క్షణం నుంచి మళ్లీ ఆనేదాకా అంత బరువూ పైనున్న ఆ చిన్న బ్రేకు మీదే ఉంటుంది. మోకులు పట్టుకుని పదిమంది దించిన కాలంలో అరచేతులు కాలిపోయేవి, వేళ్లు క్లాంపు కింద నలిగేవి. ఒక్కోసారి పైపుల వరుసంతా చేజారి బోరులోకి పోయేది. అలా పోయిన మోటరుతో పాటు ఆ రైతు ఏడాది పంటా పోయేది. నా దగ్గర చదివిన పిల్లల్లోనే బోరు దగ్గర వేళ్లు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. ఈ అధ్యాయం నేను రెండుసార్లు చదివాను.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పదలిచాను. 2025 దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 29వ సెక్షను ఎత్తే యంత్రాలనూ గొలుసులనూ కనీసం పన్నెండు నెలలకొకసారి అర్హుడైన మనిషి క్షుణ్ణంగా పరీక్షించాలని రాసింది. చేతి చైన్ పుల్లీలు ఎలా ఉండాలో ఐఎస్ 3832 అనే భారత ప్రమాణం ఉంది. ఇవన్నీ ఫ్యాక్టరీ గోడ లోపలి సంగతులు. చేనులో బోరు దగ్గర మూడు కాళ్ల స్టాండుకు వేలాడే పుల్లీని పరీక్షించడానికి ఎవరు వస్తారు? ఎవరూ రారు కాబట్టి ఆ పని చేసే మనిషే పరీక్షకుడు కావాలి. కొక్కెం నోరు కొత్తలో ఉన్నదానికంటే పదోవంతు తెరుచుకుంటే పారేయమని, లింకులు సాగాయో లేదో కొలిచి చూడమని, మెలిపడ్డ గొలుసుతో ఎత్తవద్దని, కొక్కెం కొనమీద బరువు తగిలించవద్దని, వేలాడే బరువు కింద ఎవరినీ నిలబడనివ్వద్దని పుస్తకం చివర ఉన్న పట్టిక చెబుతుంది. బోరు మెకానిక్కులకు ఈ పట్టిక ఒక్కటి అందినా పుస్తకం ధర తీరిపోయినట్టే.

చేతి గొలుసు నుంచి మా వాడు నదుల దగ్గరికి వెళ్లాడు. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. ఆ రాతికట్టడం వేలమంది కూలీల భుజాల మీద లేచింది. దాని 26 క్రెస్టు గేట్లు, ఒక్కొక్కటి 45 అడుగుల వెడల్పు, 44 అడుగుల ఎత్తు. వాటిని కదిపేవి కూడా గేర్లూ డ్రమ్ములూ ఉన్న హాయిస్టులే. సూత్రం బోరు దగ్గరి పుల్లీదే, ఒళ్లు మాత్రం పెద్దది. వరద రోజున టీవీల వాళ్లు గేట్లు ఎత్తడం చూపిస్తారు. దించడం చూపించరు. గేటు సరిగ్గా దిగి నీటిని పట్టుకుంటేనే ఆయకట్టుకు రబీ ఉంటుంది.

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాములో 33 గేట్లలో పంతొమ్మిదో గేటు గొలుసు తెగి, గేటు కొట్టుకుపోయింది. ఆ డ్యాము కర్ణాటకలో ఉన్నా దాని కింది రాజోలిబండ కాలువ మీద ఆశపెట్టుకున్నది ఆలంపురం, గద్వాల ప్రాంతపు రైతులు. కాగితాల మీద 87,500 ఎకరాలు. నీళ్లు ఇంకా ఉరుకుతుండగానే గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు గారి మార్గదర్శకత్వంలో, దాదాపు 60 అడుగుల పొడవున్న స్టాప్‌లాగ్ పలకలను క్రేన్లతో ఒకదాని మీద ఒకటి దించి, వారం తిరిగేసరికి ప్రవాహాన్ని ఆపారు. ఉద్యోగ విరమణ చేసిన వయసులో ఆయన చేసిన ఆ పని, దించడం అనే విద్యకు మన కాలంలో దొరికిన గొప్ప ఉదాహరణ. దీనికి ఈ పుస్తకంలో నాలుగు పేజీలే ఇచ్చాడు. నేనైతే పది పేజీలు రాయించేవాణ్ణి.

కూడవెల్లి సంగమేశ్వరాలయం గురించి రాసిన పేజీలు మాత్రం తనివితీరా ఉన్నాయి. శ్రీశైలం జలాశయంలో మునగబోయే ఆ చాళుక్యుల కాలపు గుడిని రాయిరాయిగా విప్పి, గుర్తులు వేసి, ఆలంపురానికి తెచ్చి మళ్లీ నిలబెట్టారు. శిఖరం మీది రాయిని ముందు దించాలి, కొత్త చోట అదే చివరగా ఎక్కాలి. చెక్కిన అంచు ఒక్కటి పగిలినా అతికేది కాదు. ఆలంపురం వెళ్లేవాళ్లు నవబ్రహ్మ ఆలయాలతో పాటు ఈ గుడినీ చూస్తారు. ఇంత బరువు ఇంత మెత్తగా కింద పెట్టిన చేతుల గురించి ఆలోచించేది తక్కువ. మా వాడు ఆలోచించాడు.

మన మట్టికి యంత్రబుద్ధి కొత్త కాదు. ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం గారు, ఒక్కో చీరకు తల్లి వేల సార్లు చెయ్యి ఆడించి నేతకు ముందు దారాన్ని ఆసు పోయడం చూడలేక ఆసు యంత్రం చేశారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. నొప్పి పడే భుజాన్ని చూసి మొదలైన యంత్రం అది. ఈ పుస్తకమూ అలాంటి చూపుతోనే మొదలైంది. ఇతను కొత్త యంత్రం చెయ్యలేదు, ఉన్న యంత్రాన్ని వాడే మనిషి ఒళ్లు కాపాడే రాత రాశాడు. అది చిన్న పనేం కాదు.

లోటు చెప్పకపోతే పెద్దరికం కాదు. తీగ మోకుల గురించి ఒక్క పేరాతో సరిపెట్టాడు. గొలుసు లింకు సాగితే కొలిచి తెలుసుకోవచ్చు. తీగ మోకు లోపలినుంచి తుప్పు పట్టి, పైకి బాగున్నట్టే ఉండి తెగుతుంది. తెగిన తీగలను ఎలా లెక్కపెట్టాలో, డ్రమ్ము మీద వరుసలు ఎలా చుట్టాలో బొమ్మలతో ఒక పూర్తి అధ్యాయం రెండో ముద్రణకు కావాలి. ట్రాక్టరుకు బిగించి మోటర్లు లాగే యంత్రాలు ఊరూరా వచ్చాయి. వాటికి బలం ఉంది, కానీ బరువు ఎక్కడ ఇరుక్కుందో చేతికి తెలిసే గుణం లేదు. వాటి గురించీ రాయాలి.

ఐటీఐ గురువులు ఈ పుస్తకాన్ని మొదటి సంవత్సరం పిల్లల చేత చదివించాలి. బోరు మెకానిక్కులు మూడో అధ్యాయం నుంచి మొదలుపెట్టినా ఫరవాలేదు. రచయితకు నా ఆశీస్సులు. తీగ మోకుల అధ్యాయం రాతప్రతి ఎప్పుడు తెచ్చినా నా తలుపు తెరిచే ఉంటుంది.