అంటార్కిటికా ఒడంబడిక: ఒక విమర్శనాత్మక పఠనం

కావ్యాన్ని విమర్శించినట్లే రాజకీయ పత్రాన్ని కూడా విమర్శించవచ్చు. ఏ మాట వాడారు, ఏ మాట దాటవేశారు, ఎవరి పేరు మీద రాశారు, ఎవరిని మరచిపోయారు అన్న ప్రశ్నలు రెండింటికీ వర్తిస్తాయి. ఈ పాఠంలో అంటార్కిటికా ఒడంబడికను ఆ దృష్టితో చదువుదాం. ఇది చాలా చిన్న పత్రం. ఒక పీఠిక, 14 అధికరణలు, అంతే. 1959 డిసెంబరు 1న వాషింగ్టన్‌లో 12 దేశాలు దీనిపై సంతకం చేశాయి. 1961 జూన్ 23న అమలులోకి వచ్చింది. 60 డిగ్రీల దక్షిణ అక్షాంశానికి దక్షిణంగా ఉన్న ప్రాంతమంతా దీని పరిధి.

నేపథ్యం

అంటార్కిటికాలో స్థానిక ప్రజలు లేరు. అక్కడికి వెళ్ళిన ప్రతి మనిషీ బయటివాడే. ఆ ప్రాంతంతో మనిషికి ఏర్పడిన తొలి సంబంధం వేటగాడి సంబంధం. 1819లో దక్షిణ షెట్లాండ్ దీవుల సంగతి లోకానికి తెలిసిన కొద్ది సంవత్సరాలకే అక్కడి బొచ్చు సీల్ జంతువులు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. 20వ శతాబ్దంలో తిమింగలాల వంతు వచ్చింది. అదే శతాబ్దంలో బ్రిటన్, న్యూజిలాండ్, ఫ్రాన్స్, ఆస్ట్రేలియా, నార్వే, చిలీ, అర్జెంటీనా అక్కడి భూభాగాలు తమవని ప్రకటించుకున్నాయి. వీటిలో బ్రిటన్, చిలీ, అర్జెంటీనా కోరిన భాగాలు ఒకదానిపై ఒకటి పడతాయి. 1957-58 అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరంలో శాస్త్రజ్ఞులు అక్కడ కలిసి పనిచేయగలిగారు. ఆ అనుభవమే ఒడంబడికకు దారి తీసింది.

చెప్పకపోవడంలోని నేర్పు

పత్రానికి ప్రాణం నాల్గవ అధికరణ. సంతకం చేసినంత మాత్రాన ఏ దేశమూ తన హక్కును వదులుకున్నట్లు కాదు, ఎదుటివారి హక్కును ఒప్పుకున్నట్లూ కాదు. ఒడంబడిక అమలులో ఉన్న కాలంలో చేసే ఏ పనీ కొత్త హక్కుకు ఆధారం కాదు. అంటే తగాదాను తీర్చలేదు, ఉన్నచోట ఆపివేశారు. దీన్ని లోపమని తొందరపడి రాయకండి. ఆ మౌనం వల్లనే ప్రచ్ఛన్నయుద్ధ కాలంలో అమెరికా, సోవియట్ యూనియన్ ఒకే బల్ల చుట్టూ కూర్చోగలిగాయి. 1982లో ఫాక్లాండ్స్ కోసం యుద్ధం చేసిన బ్రిటన్, అర్జెంటీనా ఈ ఒడంబడికలో మాత్రం కలిసే కొనసాగాయి.

అయితే మౌనాన్ని ఎవరికి నచ్చినట్లు వారు చదువుకుంటారు. 1978 జనవరిలో అర్జెంటీనాకు చెందిన ఎస్పెరాంజా స్థావరంలో ఎమిలియో పాల్మా అనే శిశువు పుట్టాడు. అంటార్కిటికా ప్రధాన భూభాగంపై పుట్టినట్లు నమోదైన తొలి మనిషి అతడే. నిండు గర్భిణిని అక్కడికి పంపడంలోని ఉద్దేశం తమ హక్కును బలపరచుకోవడమే. పత్రం ప్రకారం ఆ పనికి విలువ లేదు. అయినా చేశారు. హక్కులు నిద్రపోయాయే తప్ప చనిపోలేదని దీన్నిబట్టి గ్రహించాలి.

ఎవరు నిర్ణయిస్తారు?

పీఠిక మానవజాతి మొత్తం ప్రయోజనం గురించి మాట్లాడుతుంది. తొమ్మిదో అధికరణ దగ్గరికి వచ్చేసరికి ఆ మానవజాతి కుదించుకుపోతుంది. తొలి సంతకందారులు కాక, తరువాత చేరిన దేశాలలో అక్కడ గణనీయమైన శాస్త్ర పరిశోధన చేసినవాటికే నిర్ణయాలలో పాలు ఉంటుంది. అంటే నౌకలు, స్థావరాలు, డబ్బు ఉండాలి. నేడు 50కి పైగా దేశాలు సభ్యులైనా, నిర్ణయాధికారం ఉన్నవి 29 మాత్రమే.

ఇక్కడ మన దేశ అనుభవం గమనించదగినది. 1956లో భారతదేశం అంటార్కిటికా అంశాన్ని ఐక్యరాజ్యసమితి ముందు పెట్టాలని కోరింది. ఆ ప్రయత్నం సాగలేదు. 1981-82లో ఎస్.జెడ్. ఖాసిం నాయకత్వంలో తొలి యాత్ర వెళ్ళింది. 1983లో మనం సభ్యులమై, అదే సంవత్సరం నిర్ణయాధికారమూ పొందాం. సరిగ్గా ఆ కాలంలోనే మలేషియా ఇదే ప్రశ్నను ఐక్యరాజ్యసమితిలో లేవనెత్తింది. అప్పుడు భారతదేశం ఒడంబడిక పక్షాన నిలిచింది. తలుపు బయట ఉన్నప్పుడు వేసిన ప్రశ్న లోపలికి వెళ్ళాక వినిపించలేదు. 2011లో మలేషియా కూడా ఒడంబడికలో చేరింది.

ఏకాభిప్రాయం: రెండంచుల కత్తి

నిర్ణయాలన్నీ ఏకాభిప్రాయంతో జరగాలి. 1988లో ఖనిజాల తవ్వకానికి నియమాలతో ఒక ఒప్పందం సిద్ధమైంది. ఆస్ట్రేలియా, ఫ్రాన్స్ వెనక్కి తగ్గడంతో అది అమలులోకి రాలేదు. దాని స్థానంలో 1991లో తవ్వకాన్ని నిషేధించిన మాడ్రిడ్ ప్రోటోకాల్ వచ్చింది. ఒకరిద్దరు కాదనడం అప్పుడు మంచికే జరిగింది. కానీ 2022లో బెర్లిన్ సమావేశంలో ఎంపరర్ పెంగ్విన్‌కు ప్రత్యేక రక్షణ కల్పించాలన్న ప్రతిపాదన చైనా అంగీకరించనందువల్ల నిలిచిపోయింది. నియమం ఒకటే, ఫలితాలు వేరు. 2048లో తవ్వకాల నిషేధం ముగుస్తుందని చాలామంది రాస్తుంటారు. అది తప్పు. ఆ తరువాత నిర్ణయాధికారం ఉన్న దేశం కోరితే సమీక్షా సమావేశం జరపవచ్చు, అంతే.

ముగింపు

నా అభిప్రాయంలో ఇది యుద్ధాన్ని ఆపిన గొప్ప పత్రం. కానీ పంచుకోవడాన్ని నేర్పిన పత్రం కాదు. అంటార్కిటికా మంచు అంతా కరిగితే సముద్రమట్టం సుమారు 58 మీటర్లు పెరుగుతుంది. అంత జరగనక్కరలేదు, అందులో స్వల్పభాగం కరిగినా తువాలు, మాల్దీవులు వంటి లోతట్టు దీవులు మునుగుతాయి. ఆ బల్ల దగ్గర వాటికి కుర్చీ లేదు. 1959లో మంచు అంటే పరిశోధించవలసిన వస్తువు. నేడు అది ఎక్కడో దూరాన ఉన్న పల్లెకారు ఇంటి గడపతో ముడిపడిన విషయం. ఆ మార్పును పత్రం ఇంకా అందుకోలేదు.

పరీక్షలో జవాబు రాసేటప్పుడు కేవలం పొగడ్తతోనో తెగడ్తతోనో సరిపెట్టకండి. నాల్గవ అధికరణను, తొమ్మిదో అధికరణను పక్కపక్కన పెట్టి చదవండి. మొదటిది హక్కుదారులను శాంతింపజేసింది. రెండోది హక్కే లేనివారికి ఏమి ఇచ్చింది? మీ విమర్శ ఆ ప్రశ్నతో మొదలుకావాలి.