అందంగా ఓడిపోవడం ఇష్టంలేని జట్టు

ఫ్రెంచ్‌లో ‘లిమోజే’ అని ఒక క్రియాపదం ఉంది. పదవిలోంచి పీకెయ్యడం అని అర్థం. మంత్రినో, కోచ్‌నో తీసేసిన మర్నాడు అక్కడి పేపర్లలో కనిపించే మాట. 1914లో మొదటి ప్రపంచయుద్ధం మొదలైన కొత్తలో, పనికిరారని తోచిన జనరల్స్‌ని సేనాధిపతి జోఫ్ర్ యుద్ధరంగం నుంచి తప్పించి దూరంగా లిమోజ్ ప్రాంతానికి పంపించాడు. దాంతో ఊరి పేరే క్రియ అయి కూచుంది. మనం ‘శంకరగిరి మాన్యాలు పట్టించడం’ అంటామే, దాదాపు అలాంటిదే. తేడా ఏంటంటే, లిమోజ్‌లో మనుషులున్నారు. వాళ్ళు రోజూ ఆ మాట వింటూనే బతకాలి.

సుమారు లక్షా ముప్పై వేల జనాభా ఉన్న ఊరు. బయటివాళ్ళకి తెలిసింది పింగాణీ. చరిత్ర చదివేవాళ్ళకి ఇంకొకటి కూడా తెలుస్తుంది: ఫ్రాన్స్‌లో అతి పెద్ద కార్మిక సమాఖ్యల్లో ఒకటైన సెజెటే 1895లో పుట్టింది ఇక్కడే. ఆటలు చూసేవాళ్ళకి మాత్రం లిమోజ్ అంటే సీఎస్పీ. పూర్తి పేరు సెర్క్ల్ సాన్ పియేర్. 1929లో ఒక చర్చి పరిధిలోని కుర్రాళ్ళ కోసం పెట్టిన సంఘం. ఎర్రజెండా ఊళ్ళో చర్చి క్లబ్బు పుట్టి, చివరికి ఊరంతటిదీ అయింది. ఆ వైరుధ్యం మీదే ఒక నవల రాయొచ్చు. నేను మాట్లాడదామనుకుంటున్నది ఇంకో దాని గురించి. ఈ క్లబ్బు కథని జనం ఎలా చెప్పుకుంటున్నారు, అందులో ఏది వదిలేస్తున్నారు అన్నదాని గురించి.

ఈ కథ రెండు రకాలుగా చలామణీలో ఉంది. మొదటిది అభిమానుల కథ: చిన్న ఊరు, పెద్ద కల, 1993లో ఒక అద్భుతం. రెండోది రసజ్ఞుల కథ: ఆ 1993 గెలుపు బాస్కెట్‌బాల్‌కి పట్టిన చీడ, ఆటని ఊపిరాడకుండా చేసి గెలిచిన కప్పు. రెండూ ఒకే రాత్రి గురించి. రెండూ నాకు సగమే నిజం అనిపిస్తాయి.

ఆ రాత్రి 1993 ఏప్రిల్ 15. ఏథెన్స్ పక్కన పిరేయస్‌లో యూరప్ క్లబ్ చాంపియన్‌షిప్ ఫైనల్. లిమోజ్ మీద ఇటలీ జట్టు బెనెటన్ ట్రెవీజో. స్కోరు 59-55. అంతకు రెండ్రోజుల ముందు సెమీఫైనల్లో సబోనిస్ ఆడుతున్న రియల్ మాడ్రిడ్‌ని లిమోజ్ ఓడించిన స్కోరు 62-52. బాస్కెట్‌బాల్ చూసే అలవాటు లేనివాళ్ళకి ఒక మాట: ఆ స్థాయిలో నలభై నిమిషాల మ్యాచ్‌లో ఒక్కో జట్టు ఎనభై, తొంభై పాయింట్లు చెయ్యడం అప్పట్లో మామూలు విషయం. 59 అంటే టీ20లో వంద పరుగులు చేసి మ్యాచ్ గెలిచినట్టు.

ఓడిన జట్టు కోచ్ పెతార్ స్కాన్సీ తన అసహ్యాన్ని దాచుకోలేదు. యూరప్ పత్రికల్లో చాలామంది ఆయన పక్షమే. ఫైనల్ ఫోర్‌లో ఉత్తమ ఆటగాడి బహుమతి గెలిచిన జట్టులో ఎవరికీ దక్కలేదు. ఓడిన జట్టులోని టోనీ కుకోచ్‌కి వెళ్ళింది. కప్పు వీళ్ళకి, అందం వాళ్ళకి అని పంచేసినట్టు! ఈ పంపకం దగ్గరే నా పేచీ మొదలవుతుంది.

అసలు లిమోజ్‌కి అందంగా ఆడటం చేతకాకపోతే కదా! 1982లో కోరాచ్ కప్ ఫైనల్, యుగోస్లావియా కుర్రాడు ద్రాజెన్ పెత్రోవిచ్ ఆడుతున్న షిబెంకా మీద గెలుపు: 90-84. మర్నాటి ఏడు మళ్ళీ అదే కప్పు, మళ్ళీ అదే ప్రత్యర్థి: 94-86. 1988లో కప్ విన్నర్స్ కప్ ఫైనల్, స్పెయిన్ జట్టు బదలోనా మీద: 96-89. ఈ స్కోర్లు చూడండి. పరిగెత్తి, పాస్‌లిచ్చి, ఎడాపెడా బాస్కెట్లు వేసే జట్టు స్కోర్లు ఇవి. ఈ మధ్యలోనే ఆరుసార్లు ఫ్రాన్స్ చాంపియన్లు కూడా అయ్యారు: 1983, 84, 85, 88, 89, 90.

మరి అంత బాగా ఆడే జట్టు యూరప్‌లో అన్నిటికంటే పెద్ద కప్పు దాకా వెళ్తే ఏమైంది? 1990లో వెళ్ళింది. సెమీఫైనల్లో స్ప్లిట్ చేతిలో 101-83తో చిత్తయింది. ఆ స్ప్లిట్ జట్టుకి వెన్నెముక ఇరవై ఒక్కేళ్ళ టోనీ కుకోచ్. కోచ్ బోజిదార్ మాల్కోవిచ్.

మూడేళ్ళ తర్వాత పిరేయస్‌లో లిమోజ్ బెంచీ మీద కూచున్నది ఆ మాల్కోవిచే. ఎదురుగా ప్రత్యర్థి జట్టులో ఆ కుకోచే. ఈ ఒక్క సంగతి తెలిస్తే 59-55 అన్న అంకె వేరేగా కనబడుతుంది. అది చేతకానితనం కాదు, పిరికితనమూ కాదు. ఎదుటివాడు ఎలా ఆలోచిస్తాడో లోపలి నుంచి తెలిసిన మనిషి వేసుకున్న లెక్క. కుకోచ్‌కి ఖాళీ ఇస్తే ఏం చేస్తాడో అతన్ని ఎదిగేటప్పుడు చూసిన కోచ్‌కి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? అందుకని ఆ ఖాళీ ఇవ్వలేదు.

చేసింది చెప్పడానికి చాలా మామూలుగా ఉంటుంది. అప్పట్లో బంతి చేతికొచ్చాక ముప్పై సెకన్లలోపు షాట్ కొట్టాలి. 24 సెకన్ల నియమం యూరప్‌కి 2000లో గానీ రాలేదు. లిమోజ్ ఆ ముప్పైలో దాదాపు అన్నీ వాడుకుంటుంది. మెల్లగా తిప్పుతుంది. షాట్ పడినా పడకపోయినా అందరూ వెనక్కి పరిగెడతారు, అవతలివాళ్ళకి పరుగుపందెం అన్నదే లేకుండా చేస్తారు. తర్వాత గోడ కడతారు. బంతులు తక్కువైతే పెద్ద జట్టుకీ చిన్న జట్టుకీ ఉన్న తేడా బయటపడే అవకాశాలు కూడా తక్కువవుతాయి. అంతే సంగతి.

అంతే గానీ, అది ఆడేవాళ్ళని చూడండి. స్కోరు భారమంతా మోసిన మైకేల్ యంగ్ అమెరికాలో హ్యూస్టన్ యూనివర్సిటీ జట్టులో ఒలాజువాన్, డ్రెక్స్‌లర్‌లతో ఆడినవాడు. డంక్‌లకి, గాల్లో తేలడానికి పేరుపడ్డ జట్టు అది. అలాంటివాడు ఇక్కడికొచ్చి ముప్పై సెకన్లు ఓపిక పట్టాడు. యూరి జ్డోవ్‌త్స్ స్లొవేనియావాడు. 1991లో యుగోస్లావియా జట్టు తరఫున యూరప్ చాంపియన్‌షిప్ ఆడుతుండగా స్లొవేనియా స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. టోర్నమెంట్ మధ్యలో జట్టు వదిలి వెళ్ళిపోవాల్సి వచ్చింది. మాల్కోవిచ్ సెర్బ్, కుకోచ్, స్కాన్సీ క్రొయేషియన్లు. 1993 వసంతంలో వాళ్ళ దేశాల మధ్య యుద్ధం నడుస్తోంది. ఒక ఫ్రెంచ్ క్లబ్బుకీ ఒక ఇటాలియన్ క్లబ్బుకీ జరిగిన ఫైనల్ అని రికార్డుల్లో రాసుకున్నాం. మైదానంలో ముక్కలైపోయిన ఒక దేశపు బాస్కెట్‌బాల్ తనతో తనే ఆడుతోంది. ఆ బిగింపుని ‘ఆటని చంపేశారు’ అన్న ఒక్క మాటతో కొట్టిపారెయ్యడం నాకు విమర్శలా అనిపించదు, విసుగులా అనిపిస్తుంది.

విసుగు రాదని నేను అనను. ఆ మ్యాచ్ రికార్డింగ్ చూడటం అంత తేలికేం కాదు. మొదటి సగంలో రెండుసార్లు ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. చివరి పది నిమిషాలు మాత్రం కదల్లేదు. ఏమీ జరగకుండా చెయ్యడానికి ఇంతమంది ఇంత కష్టపడుతున్నారే అని అప్పుడు అర్థమైంది. ఇక చివరి సెకన్లు. బంతి కుకోచ్ చేతిలో ఉంది. ఇరవై మూడేళ్ళ ఫ్రెడెరిక్ ఫోర్ట్ చెయ్యి చాపి దాన్ని లాగేసుకున్నాడు. ఆ సీజన్ మొత్తానికి సారాంశం ఆ చెయ్యే. బాస్కెట్ వెయ్యడం కాదు, వెయ్యనివ్వకపోవడం.

క్షేమేంద్రుడు ఔచిత్యం గురించి మాట్లాడింది కావ్యాల విషయంలోనే అయినా నాకు ఆ మాట ఇక్కడ పనికొస్తుంది. అలంకారం ఉండాల్సిన చోట ఉంటేనే అందం. మెళ్ళో వేసుకోవాల్సింది నడుముకి కట్టుకుంటే నవ్వుతారు. 2021 జనవరిలో సిడ్నీ టెస్ట్ చివరిరోజు కాకినాడలో పుట్టిన హనుమ విహారి తొడకండరం పట్టేసినా నిలబడి 161 బంతుల్లో 23 పరుగులు చేశాడు. అశ్విన్‌తో కలిసి మ్యాచ్ కాపాడాడు. ఆ 23 పరుగుల్ని ‘నెమ్మది’ అని తిట్టినవాళ్ళూ ఉన్నారు. ఆ రోజుకి ఆ ఇన్నింగ్స్ కంటే ఉచితమైంది ఏముంది? పుస్తకాల విషయంలో కూడా మనం ఇలాగే చేస్తుంటాం. ‘శిల్పం లేదు’ అని ముద్ర వేసేముందు, ఆ రచన ఏ పరిస్థితికి ఆ రూపం తీసుకుంది అని అడగం.

ఇక రెండో కథ, అభిమానుల కథ. ‘పేద చిన్న ఊరు అద్భుతం చేసింది’ అన్నది. దీన్ని కూడా నేను ఒప్పుకోను. జట్టు ఆటల్లో యూరప్ చాంపియన్ అయిన మొదటి ఫ్రెంచ్ క్లబ్బు లిమోజ్ అని వాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. మార్సెయ్ ఫుట్‌బాల్ జట్టు గెలిచింది ఆ తర్వాత, మే 26న. గర్వం న్యాయమే. కానీ అప్పటికే ఆరు జాతీయ టైటిళ్ళు, మూడు యూరప్ కప్పులు ఉన్న క్లబ్బు అనామకం ఎలా అవుతుంది? స్ప్లిట్‌ని రెండుసార్లు యూరప్ విజేతగా నిలబెట్టిన కోచ్‌ని తెచ్చుకున్న క్లబ్బు పేదది ఎలా అవుతుంది? అద్భుతం అన్న మాట ఎప్పుడూ ఖర్చు సంగతి దాచిపెడుతుంది. ఊరు చిన్నదే. ఊరి తాహతుకి మించి క్లబ్బు పెరిగింది.

ఆ లెక్క 2000లో తేలింది. ఆ సీజన్‌లో దూష్కో ఇవానోవిచ్ కోచ్‌గా లిమోజ్ ఫ్రాన్స్ లీగ్, ఫ్రాన్స్ కప్పు, కోరాచ్ కప్పు మూడూ గెలిచింది. కోరాచ్ ఫైనల్ రెండు మ్యాచ్‌లు స్పెయిన్ జట్టు మాలగా మీద: సొంతూళ్ళో 80-58తో గెలుపు, అక్కడ 51-60తో ఓటమి, మొత్తం మీద కప్పు. మాలగా బెంచీ మీద ఉన్న కోచ్ ఎవరనుకున్నారు? మాల్కోవిచ్. నవలలో రాస్తే ఎడిటర్ ‘మరీ కుదిరిపోయింది, తీసెయ్యండి’ అంటాడు. అదే వేసవిలో, మూడు కప్పులూ అల్మారాలో ఉండగానే, అప్పుల కారణంగా క్లబ్బుని రెండో డివిజన్‌కి దించేశారు. ఊరి పేరుతో ఉన్న క్రియాపదం ఊరి జట్టుకే వర్తించింది.

ఆ జట్టులోని ఏడడుగుల పైచిలుకు సెంటర్ ఫ్రెడెరిక్ వైస్. మూడు కప్పుల సంగతి లిమోజ్ బయట ఎవరికీ గుర్తులేదు. అదే సంవత్సరం సెప్టెంబర్‌లో సిడ్నీ ఒలింపిక్స్‌లో విన్స్ కార్టర్ అతని తల మీదుగా దూకి డంక్ చేసిన ఫొటో మాత్రం ప్రపంచమంతా గుర్తుంది. ఒక మనిషి ఏడాది పనిలోంచి లోకం ఏరుకున్నది ఆ ఒక్క క్షణం. అందం గుర్తుంటుంది, నిజమే. ఎవరి ఖర్చుతో అన్నది గుర్తుండదు.

2004కి క్లబ్బు ఇంకా కిందికి, మూడో స్థాయికి పడిపోయింది. మామూలుగా క్లబ్బులు ఇక్కడే చచ్చిపోతాయి. అప్పుడు అధ్యక్షుడిగా వచ్చినవాడు ఫ్రెడెరిక్ ఫోర్ట్. అవును, కుకోచ్ చేతిలోంచి బంతి లాక్కున్నవాడే. మూడో స్థాయి లీగ్‌లో, పేరు తెలియని జట్ల మీద మ్యాచ్‌లకి కూడా బోబ్లాన్ హాలుకి జనం వేలల్లో వచ్చారు. 2010కి మొదటి డివిజన్‌కి తిరిగొచ్చారు. మరుసటి ఏడే మళ్ళీ కింద పడ్డారు. 2012లో మళ్ళీ లేచారు. 2014లో, 2015లో ఫ్రాన్స్ చాంపియన్లు. రెండుసార్లూ ఫైనల్లో ఓడించింది స్ట్రాస్‌బూర్‌నే. పదకొండు జాతీయ టైటిళ్ళలో చివరి రెండూ అవే. 2017 డిసెంబర్ 31న ఫోర్ట్ చనిపోయాడు. నలభై ఏడేళ్ళు.

నాకు అసలు కథ ఈ పదమూడేళ్ళలో ఉంది. దీన్ని చెప్పేటప్పుడు అభిమానులు కూడా తొందరగా 1993కి పారిపోతారు, ఎందుకంటే అక్కడ ఒక రాత్రి ఉంది, ఒక స్కోరు ఉంది, ఒక చెయ్యి ఉంది. ఇక్కడ అలాంటి క్షణమేదీ లేదు. బ్యాంకు కాగితాలు, చిన్న ఊళ్ళకి బస్సు ప్రయాణాలు, మళ్ళీ మళ్ళీ ఓపిక. చూసి ఆనందించడానికి ఏమీ లేని పని. కానీ ఆలోచిస్తే, 1993లో చేసింది కూడా ఇదే కదా. నష్టం జరగకుండా అడ్డంగా నిలబడటం. ఆ రాత్రి దాన్ని వికారం అన్నవాళ్ళు, ఈ పదమూడేళ్ళని చూసి ఏమంటారో వినాలని ఉంది.

మాల్కోవిచ్ జట్టు ఆట అందరికీ నచ్చాలని నేను అనడం లేదు. అలాంటి మ్యాచ్‌లే రోజూ జరిగితే నేనూ చూడను. ఎవరైనా ‘ఇది అసలు ఆటే కాదు’ అన్నప్పుడు మాత్రం వాళ్ళకి ముందు 101-83 చూపించాలనిపిస్తుంది. వాళ్ళు ఆ ఓటమిని అందంగా ఓడారు. ఒకసారి చాలనుకున్నారు.