చెత్తబండి వెనక నడిచిన సేవ

1889 సెప్టెంబరులో జేన్ ఆడమ్స్, ఎలెన్ గేట్స్ స్టార్ అనే స్నేహితురాళ్లు చికాగోలో హాల్‌స్టెడ్ వీధిలోని ఓ పాత భవనంలో మకాం పెట్టారు. అదే హల్ హౌస్. చుట్టూ ఇటలీ, గ్రీసు, రష్యాల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చిన కూలి జనం. పసిపిల్లల బడి, ఇంగ్లీషు పాఠాలు, స్నానశాల ఒక్కొక్కటే మొదలయ్యాయి.

నాకు అన్నిటికన్నా నచ్చేది చెత్త కథ. పేటలో చెత్త పేరుకుపోయి రోగాలు ముసురుతుంటే 1895లో ఆడమ్స్ ఆ వార్డుకు చెత్త తనిఖీ అధికారిగా ఉద్యోగమే పుచ్చుకుంది. తెల్లవారి ఆరింటికే లేచి బండ్ల వెనక నడిచేది. ఒక సందులో తవ్వగా తవ్వగా 18 అంగుళాల కింద రాళ్లు పరిచిన వీధి బయటపడింది! అక్కడి ఇటలీవాళ్లు పెద్దగా ఆశ్చర్యపోలేదట. భూమిలోంచి ఊళ్లు బయటపడటం వాళ్లకు కొత్తేం కాదు మరి.

హల్ హౌస్ వాళ్లు ఇల్లిల్లూ తిరిగి, ఎవరు ఏ దేశం వాళ్లో, వారానికి ఎంత కూలి వస్తుందో రంగుల పటాలు గీసి అచ్చు వేశారు. అక్కడే ఉన్న ఫ్లారెన్స్ కెల్లీ కృషితో ఇల్లినాయ్‌లో 1893లో ఫ్యాక్టరీ చట్టం వచ్చింది. ఆమే తొలి ప్రధాన తనిఖీ అధికారి అయింది. దానం ఎవరైనా చేస్తారు. లెక్కలు తీసి ప్రభుత్వం మెడలు వంచడమే అసలు పనితనం.

ఆడమ్స్‌కు 1931లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. నిధులు లేక హల్ హౌస్ సంస్థ 2012లో మూతపడింది. ఇల్లు మాత్రం మ్యూజియంగా ఉంది. చికాగో వెళ్లే తెలుగువాళ్లు ఓ పూట అటు వెళ్లి చూడండి.