కాగితపు తలుపు, పడమటి ఎండ

జపాను సంప్రదాయ గృహాలలో గదికీ వసారాకూ నడుమ ఉండే షోజి, అంటే సన్నని కర్రగళ్ల చట్రానికి ఒకవైపు కాగితం అతికించిన జరిపే తలుపు, వెలుతురును అడ్డుకోదు, దాని తీవ్రతను మాత్రమే తగ్గిస్తుంది. కోజో అనే చెట్టు బెరడు నారతో చేసే వాషి కాగితంలో పొడవాటి పోగులు ఒకదానిలో ఒకటి అల్లుకుని ఉండడం వల్ల, దాని గుండా వచ్చే వెలుగు సూటిగా కంట్లో పడక గదంతా సమంగా పరుచుకుంటుంది. ఈ తలుపుకు బందులుండవు. పై దూలంలోని గాడి లోతుగానూ కింది గడపలోని గాడి పైపైనా ఉంటాయి కనుక, తలుపును పై గాడిలోకి ఎత్తి కింది గాడిలోకి దించితే సరిపోతుంది. కాగితం మాసినప్పుడు, సాధారణంగా ఏడాది చివర, చట్రాన్ని తడిపి పాతదాన్ని ఊడదీసి, గంజి వంటి జిగురుతో కొత్తది అంటిస్తారు. షోజి కాగితానికి పేరుపొందిన మినో ప్రాంతపు కాగితం తయారీని 2014లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది.

అయితే షోజి గొప్పతనమంతా కాగితంలోనే ఉందనుకోవడం పొరపాటు. దానికి ముందు విశాలంగా సాగిన చూరు ఎండనూ వాననూ ఆపబట్టే ఆ కాగితం నిలుస్తున్నది.

మన హైదరాబాదులో, 1998లో సైబర్ టవర్స్ అనే ఐటీ భవనం ప్రారంభమైన తరువాత మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్‌లలో లేచిన అనేక అపార్టుమెంట్లలోనూ జరిపే తలుపులున్నాయి గాని అవి గాజువి, వాటి ముందు నీడ తక్కువ. సాయంత్రపు పడమటి ఎండ ఏటవాలుగా బాల్కనీ కప్పు కిందినుంచి దూరి వస్తుంది కనుక దానికి నిలువు తెర కావాలి. ఆ తెర గాజుకు లోపల ఉంటే వేడి అప్పటికే ఇంట్లోకి చేరి ఉంటుంది, అందువల్ల బయటే ఉండాలి. తెలుగువారి పాత ఇళ్లలో కిటికీలకూ గుమ్మాలకూ బయట కట్టిన వట్టివేళ్ల తడికలు, అనగా వెదురు చట్రంపై సువాసనగల వేళ్లను పరిచి బిగించిన తెరలు, ఈ సూక్ష్మాన్ని పూర్తిగా ఎరిగినవి. పైగా తడికపై నీళ్లు చల్లితే, లోపలికి వచ్చే వడగాలి ఆ తడిని ఆవిరి చేస్తూ తన వేడిని కోల్పోతుంది. గాలి పొడిగా ఉండే ఏప్రిల్, మే నెలల హైదరాబాదుకు ఇది చక్కగా సరిపోతుంది, వానాకాలపు ఉక్కకు పనికిరాదు. అప్పుడు చుట్టి అటక మీద పెట్టవచ్చు. ఇంతటి పనితనం చేతిలో ఉండగా దానిని కూలర్ల పక్కలకే పరిమితం చేయడం విచారకరం.

భవనం ముఖం మారిపోతుందని బాల్కనీలలో ఏ తెరనూ కట్టనివ్వని నివాసుల సంఘాలు, కనీసం పడమటి వైపైనా, వెదురు చాపలకూ వట్టివేళ్ల తడికలకూ అనుమతి ఇవ్వాలి. బిల్డర్లు వాటికి కావలసిన కొక్కేలను గోడ కట్టేటప్పుడే బిగించాలి.