గజ ఈతగాడికి జీతం

వినాయక నిమజ్జనం దగ్గరపడగానే వెలువడే ఏర్పాట్ల జాబితాలో క్రేన్లు, విద్యుద్దీపాల సరసన గజ ఈతగాళ్లు, అంటే లోతు నీటిలో మునిగి మనిషిని వెలికి తీయగల నేర్పరులు, ఏటా కనిపిస్తారు. నిమజ్జనం ముగిసిన మర్నాటి నుంచి వారి ఊసు ఎవరో చెరువులో గల్లంతయ్యారన్న వార్తలో తప్ప వినిపించదు. ఈ వారం మళ్లీ వెలువడిన ఆ జాబితా ఈ శీర్షిక పాత వాదాన్ని గుర్తుచేసింది. ఇటు గంగారం చెరువు, అటు అమీన్‌పూర్ చెరువు, మాదాపూర్ వైపు దుర్గం చెరువు ఉండగా, ఇన్ని వేలమంది ఐటీ ఉద్యోగులు నివసించే హైదరాబాద్‌లోని చందానగర్ ప్రాంతంలో స్వచ్ఛంద రక్షక పడవ దళం ఎందుకు ఏర్పడకూడదన్నదే ఆ వాదం.

దానికి ఆదర్శం బ్రిటన్, ఐర్లాండ్‌లలో 1824 నుంచి విరాళాలతో నడుస్తున్న ఆర్‌ఎన్‌ఎల్‌ఐ అనే సంస్థ. సముద్రంలో ఆపదపాలైన వారికోసం పుట్టిన ఆ సంస్థ 2001లో ఉత్తర ఐర్లాండ్‌లోని ఎర్న్ సరస్సుపై, ఎనిస్కిల్లెన్ వద్ద కూడా కేంద్రాన్ని తెరిచింది. పిలుపు రాగానే అక్కడి స్వచ్ఛంద సభ్యులు చేతిలో పని వదిలి పడవను నీటిలోకి దించుతారు.

అయితే మన చెరువుల తీరు వేరు. ప్రాణవాయువు అందని మెదడు కొద్ది నిమిషాల్లోనే దెబ్బతినడం మొదలవుతుంది కనుక, ట్రాఫిక్ దాటి వచ్చే పడవ సభ్యుడికంటే గట్టుమీది మనిషి విసిరే తాడు ముందుగా అందుతుంది. పైగా నీటిమీద అల్లుకునే గుర్రపు డెక్క మోటారు రెక్కలకు చుట్టుకుని పడవను నిలిపివేయగలదు. ఆ మొక్కను, అడుగున పేరుకున్న బురదను, గుంటలను ఎరిగి తెడ్డు వేయగలిగినవారు ఆ చెరువులో వలలు వేసే మత్స్యకారులే.

ఈ సంగతిని 2019 సెప్టెంబరు 15న గోదావరి మరింత కఠినంగా తెలియజెప్పింది. పాపికొండల యాత్రకు బయలుదేరిన పర్యాటక పడవ దేవీపట్నం మండలం కచ్చులూరు వద్ద మునిగినప్పుడు ప్రాణాలతో బయటపడిన 26 మందిని ఒడ్డుకు చేర్చడంలో ముందు నిలిచినవారు తమ పడవలతో హుటాహుటిన వచ్చిన సమీప గ్రామాల ప్రజలు. మునిగిన పడవను మాత్రం కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం ఒప్పందం కుదుర్చుకుని, ఎంతో శ్రమించి, అక్టోబరు 22న వెలికి తీసింది. పడవను తీయడానికి ఒప్పంద పత్రం ఉన్న చోట, మనుషులను కాపాడటానికి ముందుగా ఏ ఏర్పాటూ లేదన్నది తీవ్రంగా ఆలోచించవలసిన విషయం.

కాబట్టి స్వచ్ఛంద సేవ గురించి ఈ శీర్షిక ఇంతకాలం చేసిన వాదం సగమే సరైనది. నెలజీతం చేతికందే ఉద్యోగి తన ఆదివారాన్ని ఇవ్వడం సేవ అవుతుంది. వల వదిలి, ఆనాటి సంపాదన పోగొట్టుకుని నీటిలో దూకేవాడి నుంచి అదే సేవను ఉచితంగా ఆశించడం అన్యాయం. 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 134ఏ సెక్షన్ రోడ్డు ప్రమాద బాధితులను ఆదుకున్నవారికి చట్టపరమైన రక్షణ ఇచ్చింది గానీ, చెరువులో మునిగేవారిని కాపాడబోయినవారికి అది వర్తించదు. చందానగర్‌లో దళం కట్టదలచినవారు పడవ కోసం చందాలు పోగుచేసే ముందు స్థానిక మత్స్యకార సంఘంతో కూర్చుని, ఏడాది పొడవునా జీతం, బీమా ఉండేలా ఒప్పందం రాసుకోవాలి.